ఎవరో ఒకరు చదివిపెడతార్లే!

2021 జూలైలో ఒక రాత్రి మా చెల్లెలు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపింది. చెల్లెలంటే మా పిన్ని కూతురు. ఎడ్లపాడులో ఉంటారు వాళ్లు. "అక్కా, నువ్వు పెట్టిన పాఠాలు మూడూ ఖాళీగా ఉన్నయ్యి. తెరిస్తే నా ఫోను ఏం మాట్లాడటంలా. పెట్టటం మర్చిపోయావా, ఇంకా రాయలేదా?"

మర్చిపోలేదు. రాయకపోవడమూ కాదు. తెలుగు సాహిత్యంలో స్త్రీల గురించి ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సు అది. కరోనా రెండో విడతకి కాలేజీలన్నీ మూతబడి ఉన్న రోజుల్లో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు పిలిచి చెయ్యమన్నారు. పిహెచ్.డి. పట్టా చేతికొచ్చి అప్పటికి ఏడాది కాలేదు. పిలిచిందే పదివేలనుకుని రాత్రీ పగలూ కూర్చున్నాను. పాత పత్రికల్లోంచి కథలు, సంకలనాల్లోంచి ముందుమాటలు, వ్యాసాలు వెతికి స్కాన్ చేశాను. కొన్నింటిని తెలిసిన ప్రెస్సువాళ్లనడిగి పి.డి.ఎఫ్.లుగా తెచ్చుకున్నాను. నలభైకి పైగా పాఠాలు. చూసినవాళ్లందరూ చాలా అందంగా ఉందన్నారు. అందంగానే ఉంది, చూసేవాళ్లకి.

మా చెల్లెలికి చూపు లేదు. చిన్నప్పట్నుంచీ తగ్గుతూ తగ్గుతూ పదో తరగతికొచ్చేసరికి పూర్తిగా పోయింది. ఆ సంగతి నాకు తెలియనిదా? ఆ పిల్లని సంకలో వేసుకుని కొండవీడు జాతరకి తీసుకెళ్లినదాన్ని. పాఠాలు తయారుచేసిన రెండు నెలల్లో ఒక్కరోజన్నా, ఒక్క నిమిషమన్నా, ఇది అది ఎలా చదువుతుందనే ఆలోచన నాకు రాలేదు. ఈ వ్యాసం రాయడానికి నాకున్న అర్హత ఏదన్నా ఉంటే అది ఇదే.

ఇక్కడ కొంచెం యంత్రాల సంగతి చెప్పక తప్పదు. సాహిత్యం మనుషులం, మనకెందుకీ గొడవ అనుకోకండి. మన పుస్తకాల సంగతే ఇది. చూపులేనివాళ్లు ఫోన్లూ కంప్యూటర్లూ వాడటానికి స్క్రీన్ రీడర్లున్నాయి. తెరమీద ఉన్న అక్షరాన్ని గుర్తుపట్టి పైకి చదువుతాయి. ఆండ్రాయిడ్ ఫోనుల్లో టాక్‌బ్యాక్ ఉంటుంది. కంప్యూటర్‌కి ఎన్.వి.డి.ఎ. ఉంది. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లు 2006లో మొదలుపెట్టి దాన్ని ఉచితంగా ఇస్తూ వచ్చారు. ఇవి తెలుగు కూడా చదువుతాయి. కాకపోతే అక్కడ ఉన్నది అక్షరమై ఉండాలి. స్కాన్ చేసిన పేజీలో అక్షరాలుండవు, అక్షరాల ఫొటో ఉంటుంది. మన కంటికి అది కథ. యంత్రానికి అదొక బొమ్మ. అందుకే చెల్లెలి ఫోను నోరు మెదపలేదు.

ప్రెస్సు నుంచి తెచ్చిన పి.డి.ఎఫ్.ల సంగతి ఇంకా వింత. మన తెలుగు పుస్తకాలు, పత్రికలు ఇన్నేళ్లుగా ఎక్కువభాగం తయారయింది అను ఫాంట్లలో, లేకపోతే అలాంటివే మరికొన్నింటిలో. ఆ పద్ధతిలో కంప్యూటర్ లోపల ఉండేది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉంటాయి. వాటికి పైన తెలుగు ముసుగు తొడుగుతారు. ముసుగుని చూసే మనకి తేడా తెలియదు. చెల్లెలు నాలుగో పాఠం తెరిచి తన ఫోను చదివింది చదివినట్టు రికార్డు చేసి నాకు పంపింది. బ్రాకెట్టు, డాలరు, పెద్ద ఎక్సు, కామా, మళ్లీ బ్రాకెట్టు... రెండు నిమిషాలపాటు అదే వరస. "ఇది ఏం కవిత్వం అక్కా?" అని చివర్లో ఒక నవ్వు.

తెలుగుకి వేరే దారి లేకా? యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరింది. నీలిమేఘాలు రావడానికి రెండేళ్ల ముందు! ఇవాళ ఫోనులో మనం కొట్టే ప్రతి తెలుగు ముక్కా యూనికోడే. చెల్లెలికి వాళ్ల వంటల గ్రూపులో వచ్చే చింతకాయ పచ్చడి కొలతలు అక్షరం పొల్లుపోకుండా వినపడతాయి. కరెంటు బిల్లు మెసేజి, గుళ్లో అన్నదానం కబురు, ఎవరో ఫార్వర్డు చేసిన పనికిమాలిన జోకు, అన్నీ వినపడతాయి. వినపడనిదల్లా విశ్వవిద్యాలయం పాఠం. పితృస్వామ్యాన్ని కూలుస్తామని మనం రాసుకున్న పుస్తకాలు.

సరే, పాఠం వినపడలేదు. తర్వాతేమయింది? ఆ అమ్మాయి కోర్సు మానుకోలేదు. మానుకుని ఉంటే నాకీపాటి బుద్ధి కూడా వచ్చేది కాదేమో. మూడో వారం చివర వ్యాసం రాసి పంపింది, తను చెప్తుంటే ఫోను టైపు చేసుకున్నది. బాగుంది. ఎలా చదివావే అనడిగితే, "అమ్మ చదివిపెట్టింది" అంది, చాలా మామూలుగా.

మా పిన్ని ఐదో తరగతి వరకూ చదివింది. గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే హైవే మీద మా ఊరి చుట్టూ స్పిన్నింగ్ మిల్లులు చాలా ఉన్నాయి. వాటిల్లో ఒకదాంట్లో దారం కోన్లకి చుట్టేచోట పిన్ని పని. పొద్దున ఆరింటికల్లా గేటు దగ్గరుండాలి, అంటే నాలుగింటికి లేచి వంటయిపోవాలి. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగి, దూది దుమ్ముకి దగ్గుకుంటూ ఇంటికొచ్చి, అంట్లూ బట్టలూ గేదె పనీ చూసుకుని, రాత్రి భోజనాలయ్యాక ఫోను చేతిలోకి తీసుకుని, వేలితో అక్షరాల్ని పెద్దవి చేసుకుంటూ, ఒక్కొక్క ముక్కా కూడబలుక్కుని చదివింది నా పాఠాన్ని. 'పితృస్వామ్యం' అనే మాట దగ్గర ప్రతిసారీ ఆగేదట. ఆ మాట నా పాఠంలో పేజీకి నాలుగైదుసార్లు ఉంది.

ఆ వారం పాఠమేమిటో చెప్పనా? జీతం లేని ఇంటిచాకిరీ. ఆడవాళ్లు ఇంట్లో చేసే పనికి లెక్కాపత్రం ఎందుకు లేదని, దాన్ని ప్రేమ అనీ బాధ్యత అనీ పేర్లు పెట్టి ఎలా మాయం చేస్తారని. ఆ వ్యాసం చదువుతూ చదువుతూ మా పిన్ని ఫోను మొహం మీద పడేసుకుని నిద్రపోయింది. చెల్లెలు చెప్పి నవ్వింది. నేను కూడా నవ్వాను. ఫోను పెట్టేశాక కాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను.

ఆన్‌లైన్ కోర్సు తయారుచేసిన వాళ్లెవరూ పిన్నిని లెక్కలో రాసుకోలేదు. కోర్సుకి ఇంత ఖర్చయింది, ఇంతమంది నిపుణులు పనిచేశారు, ఇన్ని గంటల వీడియో అని నివేదికలో రాశాం. పిన్ని గొంతుకి అందులో కాలమ్ లేదు. అయినా కోర్సు ఆ అమ్మాయి వరకూ నడిచింది పిన్ని గొంతు మీదే. ఎవరో ఒకరు చదివిపెడతార్లే అనే ధీమా ఒకటి ఉంది చూశారూ, అది వ్యవస్థకి పునాదిరాయి. ఆ 'ఎవరో ఒకరు' ఎవరు? అమ్మ, లేకపోతే అక్క, లేకపోతే బడి మానేసిన చెల్లెలు, హాస్టలు గదిలో స్నేహితురాలు. నాన్న చదివిపెట్టిన ఇల్లు ఉండొచ్చు, నేను చూడలేదు. పరీక్ష హాల్లో రాసిపెట్టే మనిషి గురించి నిబంధనలున్నాయి. వాటిల్లో ఏడాది పొడుగునా చదివిపెట్టే మనిషి గురించి ఒక్క వాక్యం లేదు. ఎందుకుంటుంది, ఆమె ఇంట్లోనే ఉంటుంది కదా!

ఇదంతా శ్రమ గురించి. దీనికంటే నన్ను ఎక్కువ కుదిపిన సంగతి ఇంకొకటుంది.

కోర్సులో ఒక కథ పెట్టాను. పెళ్లయిన స్త్రీ తన శరీరం గురించి, తన ఇష్టం గురించి నోరువిప్పి మాట్లాడే కథ. ఆ కథ మీద చెల్లెలు రాసింది చూస్తే ఎక్కడో తేడాగా ఉంది. కథలో అసలు విషయమే దాని రాతలో లేదు. సరిగ్గా వినలేదేమో అనుకున్నాను, మార్కు కూడా తగ్గించాను. కొన్ని నెలల తర్వాత ఆ కథని యూనికోడ్‌లో మళ్లీ టైపు చేసి పంపితే అప్పుడు ఫోను చేసింది. "అక్కా, ఈ కథలో ఇదంతా ఉందా? అమ్మ చదివినప్పుడు ఇది లేదే!"

పిన్నినడిగాను. ఏం దాచలేదు. "పెళ్లికాని పిల్ల. అయ్యన్నీ దానికెందుకే? మూడు చోట్ల దాటేశా" అంది. పిన్నిని ఏమనగలను? చదువులేని మనిషి కాదు పిన్ని, లోకం తెలిసిన మనిషి. కళ్లులేని ఆడపిల్లని కాపాడుకోవడానికి తనకి తెలిసిన దారి అది. కాని ఏం జరిగిందో చూడండి. కన్నవాళ్లకి తెలియకుండా పుస్తకం చదవడం మనలో ఎంతమందిని మనుషుల్ని చేసింది! పరుపు కింద దాచుకున్న చలం, దుప్పట్లో టార్చిలైటు... ఇవన్నీ మన స్త్రీవాదుల ఆత్మకథల్లో తప్పనిసరి అధ్యాయాలు కదా. ఎవరి గొంతూ మధ్యలో లేకుండా, ఎవరి మొహంలో రంగులు మారకుండా, ఇష్టమొచ్చిన పేరా దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి పోయి, సిగ్గుపడి, మళ్లీ చదువుకునే హక్కు మా చెల్లెలికి లేదు. ప్రతి పుస్తకమూ ఇంట్లోవాళ్ల నోటిగుండా వచ్చి దానికి చేరాలి. దాని చదువుకి సెన్సారు బోర్డు దాని ఇంట్లోనే ఉంది, ఆ బోర్డుని నియమించింది నేను. స్కాన్ చేసిన పేజీలతో.

ఈ విషయంలో 'అందుబాటు' అనే మాటని సౌకర్యం అనే అర్థంలో వాడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ర్యాంపు కట్టారు, లిఫ్టు పెట్టారు అన్నట్టు. ఒక ఆడపిల్ల తన ఇంటివాళ్ల అనుమతి లేకుండా ఒక ఆలోచనని ముట్టుకోగలదా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న. స్త్రీవాదానికి ఇంతకంటే సొంత ప్రశ్న ఏముంటుంది?

పైగా ఆన్‌లైన్ చదువు వచ్చాక ఇంకో మాట మొదలైంది. "నీకు కాలేజీ ఎందుకమ్మా, బస్సులెక్కడం కష్టం, ఇంట్లోనే ఆన్‌లైన్‌లో చదువుకో." ఈ మాట అనేవాళ్లందరూ మంచివాళ్లే. ఇంట్లోనే ఉండి చదువుకో అనే సలహా ఆడవాళ్లకి కొత్తదేం కాదు. వందేళ్ల కిందట మన ముత్తవ్వలకి కూడా అలాగే చెప్పారు. ఇప్పుడు వికలాంగులైన ఆడపిల్లలకి అది రెండు వైపులా కోసే కత్తయింది. కాలేజీకి రానక్కర్లేదంటారు. ఇంట్లో కూర్చున్నాక ఆ పాఠం తెరుచుకోదు. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, వాళ్లలో స్త్రీలు 1.18 కోట్లు. వికలాంగులైన మగవాళ్లలో అక్షరాస్యత 62 శాతం ఉంటే ఆడవాళ్లలో 45. సగానికి పైగా ఆడవాళ్లు అక్షరం దాకానే రాలేదు. ఆ గండం గడిచి డిగ్రీ దాకా వచ్చిన గుప్పెడుమందికి మనం బొమ్మలు చూపిస్తున్నాం.

పేర్లకి మాత్రం లోటు లేదు. 2015 డిసెంబరులో ప్రధాని నోట 'దివ్యాంగులు' వచ్చింది. మన రాష్ట్రంలో 'విభిన్న ప్రతిభావంతులు' అన్నారు. నేను వికలాంగులనే రాస్తున్నాను, చట్టాల తెలుగులోనూ ఉద్యమాల బోర్డుల మీదా చాలాకాలం నలిగిన మాట కాబట్టి. చెల్లెల్నడిగితే, "దివ్యం వద్దు గానీ పి.డి.ఎఫ్. సరిచేసి పంపు" అంది.

చట్టం లేదా అంటే, ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అచ్చులోనూ ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోనూ వచ్చే సమాచారమంతా వికలాంగులు వాడుకోగల రూపంలో ఉండేలా చూడాలని 42వ సెక్షను ప్రభుత్వాలకి చెప్తోంది. ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు ఇవ్వాలని 32వ సెక్షను. సీటిస్తారు, పాఠం ఇవ్వరు. వికలాంగులైన పిల్లల కోసం డిజిటల్ పాఠాలు ఎలా తయారుచెయ్యాలో కేంద్ర విద్యాశాఖ 2021 జూన్‌లో మార్గదర్శకాలు ప్రకటించింది. నేను కోర్సు చేస్తున్న నెలలోనే! నాకు ఎవరూ చెప్పలేదు, నేను వెతకలేదు. 2022లో యు.జి.సి. విశ్వవిద్యాలయాలకి వేరే మార్గదర్శకాలిచ్చింది. మార్గదర్శకాలు అనే మాటలోనే ఉంది కిటుకంతా. పాటిస్తే మంచిది, పాటించకపోయినా అడిగేవాళ్లుండరు.

ఆ కిటుకునే సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో పట్టుకుంది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని నిబంధనలు సలహాగా మార్చడం చెల్లదని, తప్పనిసరి ప్రమాణాలని మూడు నెలల్లో రాయమని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకి ఆధారమైన నివేదిక రాసింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రమే. మన సాహిత్య సభల్లో దాని ప్రస్తావన నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఇంకో తీర్పు గురించి మరికొంచెం చెప్పాలి. ప్రజ్ఞా ప్రసూన్ యాసిడ్ దాడికి గురై బతికిన స్త్రీ. 2023లో బ్యాంకు ఖాతా తెరవడానికి వెళ్తే కెమెరా ముందు కన్ను ఆర్పి చూపించమన్నారు, బతికున్న మనిషేనని రుజువు కోసం. దాడిలో కళ్లు దెబ్బతిన్న మనిషి ఎలా ఆర్పుతుంది? ఆమె, ఆమెలాంటివాళ్లు కోర్టుకెళ్లారు. డిజిటల్ సేవలు అందరికీ అందడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చూపులేని న్యాయవాది అమర్ జైన్ వేసిన పిటిషను కూడా దాంతో కలిపి విన్నారు.

2008 డిసెంబరు మర్చిపోలేదు కదా మనం? వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు, ఒకమ్మాయి చనిపోయింది. రోడ్లమీదకొచ్చాం, కవితలు రాశాం, ప్రత్యేక సంచికలు తెచ్చాం. దాడి జరిగిన రోజుదాకా ఆమె మన మనిషి, స్త్రీ. దాడి తర్వాత బతికితే, 2016 చట్టం లెక్కలో ఆమె వికలాంగురాలు కూడా. అక్కణ్నుంచి ఆమె మన పేజీల్లోంచి జారిపోయి సంక్షేమ శాఖ దస్త్రంలోకి పోతుంది. మళ్లీ చదువు మొదలుపెడదామనుకుంటే ఆన్‌లైన్ పరీక్ష కెమెరా ఆమె మొహాన్ని మొహంగా గుర్తుపట్టకపోవచ్చు. హింస గురించి వంద సంచికలు తెచ్చిన మనం, హింస తర్వాత ఆమె ఎలా చదువుకుంటుందనే దాని మీద ఎన్ని పేజీలు రాశాం?

ప్రభుత్వాన్ని తిట్టడం సులువు, తిట్టాలి కూడా. ఈ పత్రిక చదివేవాళ్లు ప్రభుత్వం కారు కాబట్టి మన సంగతికొస్తాను. 2020 తర్వాత మనం ఎన్ని వెబినార్లు పెట్టుకున్నాం! కథా కార్యశాలలు, స్త్రీవాద సిద్ధాంతం మీద తరగతులు, పుస్తకావిష్కరణలు. వినికిడి లేని ఒక్క అమ్మాయి కూడా రాలేదేమని ఎవరికన్నా అనుమానమొచ్చిందా? జూమ్‌లో ఒక మనిషికి బాధ్యత అప్పగిస్తే మాట్లాడేది కింద టైపు చేస్తూ పోవచ్చు. అంత వేగం చేతకాకపోతే ప్రసంగ పాఠాన్ని ముందురోజే పంపొచ్చు. అది చెయ్యం, ఎందుకంటే మన వక్తలు ముందురోజు రాయరు. (నేనూ అంతే.)

మన పుస్తకాలు చూడండి. దళిత స్త్రీల గొంతుని నల్లపొద్దు పుస్తకంలోకి తెచ్చాం. తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీల మాటల్ని టేపుల మీద రికార్డు చేసి, అక్షరం అక్షరం రాసి 1986లో మనకు తెలియని మన చరిత్ర తెచ్చింది స్త్రీశక్తి సంఘటన. గొంతుని అక్షరంగా మార్చడానికి అన్నేళ్లు కష్టపడ్డవాళ్ల వారసులం, అక్షరం గొంతయ్యే చోట ఇంత బద్ధకంగా ఎలా ఉన్నాం? ప్రతి అస్తిత్వ ఉద్యమమూ వచ్చి తలుపు తట్టినప్పుడు ముందు గింజుకున్నాం, తర్వాత జరిగి చోటిచ్చాం. వికలాంగులైన స్త్రీలు తట్టడం వినపడలేదంటే వాళ్లు తట్టలేదని కాదు. ఢిల్లీలో అనితా ఘాయ్ ఇరవయ్యేళ్ల కిందటే భారతీయ స్త్రీవాదం వికలాంగ స్త్రీని ఎలా మర్చిపోయిందో పుస్తకం రాసింది. మన సిలబస్సుల్లో ఆమె ఎక్కడుంది? నా సిలబస్సులో లేదు.

ఈ మాటలు రెండు మూడు సభల్లో అన్నాను. వచ్చిన జవాబులు చెప్తాను. "ఎంతమంది చదువుతారమ్మా వాళ్లు?" అని ఒక పెద్దావిడ. స్త్రీల పత్రిక పెడతామన్నప్పుడు మగ సంపాదకులు అన్న మాట సరిగ్గా ఇదే. "యూనికోడ్ ఇస్తే కాపీ కొట్టేస్తారు" అని ఒక ప్రచురణకర్త. స్కాన్‌లు తిరగడం లేదా? తెలుగు పుస్తకాల స్కాన్‌లు వేలకొద్దీ నెట్‌లో పడున్నాయి. దొంగకి బొమ్మ చాలు. అక్షరం కావలసింది చెల్లెలికి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వికలాంగుల కోసం పుస్తకాన్ని వాళ్లకి పనికొచ్చే రూపంలోకి మార్చుకోవచ్చని స్పష్టంగా రాశారు. ఆ తర్వాత 2013 నాటి మరకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అన్ని దేశాలకంటే ముందు 2014లో ఆమోదించింది మన దేశమే. "వాళ్లకి ప్రత్యేకంగా ఒక కోర్సు చేద్దాం" అన్నారు ఇంకొకరు, చాలా ప్రేమగా. ఆడవాళ్లకి విడిగా బల్ల వేసి కూర్చోబెట్టిన సభలు గుర్తొచ్చాయి. "శ్రీకాంత్ బొల్లా లేడా, పట్టుదల ఉంటే సాధిస్తారు" అని ఇంకొకరు. ఉన్నాడు. ఇంటర్లో సైన్సు చదవడానికి ఆ కుర్రాడు కోర్టుకెక్కాల్సొచ్చింది. ఒక సబ్జెక్టు చదవడానికి ఒక్కొక్కరూ కోర్టుకెక్కాలంటే అది పట్టుదల కథ అవుతుందా? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని సామెత చెప్పుకుని నవ్వుకుంటాం. ఉట్టిని అంత పైన కట్టినవాళ్లెవరని అడగం.

మంచి మాట కూడా ఒకటి చెప్పాలి. ఇదంతా ఖర్చు పని కాదు, చాకిరీ పని. నేను ఆ కోర్సు పాఠాలన్నీ మళ్లీ చేశాను. స్కాన్ పేజీలని గూగుల్ డాక్స్‌లో తెరిస్తే తెలుగు అక్షరాల్ని చాలావరకు గుర్తుపడుతోంది. పాత అచ్చులో వత్తులు తారుమారయ్యాయి, కూర్చుని దిద్దాను. అను ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి, వాటికీ దిద్దుబాటు తప్పదు. శీర్షికని పెద్దక్షరాల్లో పెట్టడం కాక, శీర్షిక అని గుర్తుపెట్టాను. అప్పుడు చెల్లెలు పేజీ అంతా వినకుండా ఒక శీర్షిక నుంచి ఇంకోదానికి దూకగలదు. రచయిత్రుల ఫొటోల కింద ఆ ఫొటోలో ఏముందో రెండు వాక్యాలు రాశాను. రాస్తుంటే తెలిసింది, ఇన్నేళ్లుగా ఆ ఫొటోల్ని నేనూ చూడలేదని. ఒక ఫొటోలో అందరూ కెమెరావైపు చూస్తుంటే ఒకావిడ మాత్రం పక్కనున్న ఆమె చేతిలో కాయితాన్ని చదువుతోంది. నలభై పాఠాలకి ఐదు వారాలు పట్టింది. మొదట్లోనే అలా చేసుంటే వారం కూడా ఎక్కువయ్యేది కాదు. ఇల్లు కట్టాక గోడ పగలగొట్టి తలుపు పెట్టినట్టయింది.

ఒకటి మాత్రం చెయ్యలేకపోయాను. కోర్సు చివర పరీక్ష నా చేతిలో లేదు, అది విశ్వవిద్యాలయం వాళ్ల పోర్టల్లో ఉంది. ముప్పై ప్రశ్నలు, ముప్పై నిమిషాలు. జవాబులు మౌసుతో లాగి గళ్లలో పెట్టాలి. స్క్రీన్ రీడర్‌తో లాగడం కుదరదు. 'పంపండి' అనే మీట ఉందని టాక్‌బ్యాక్‌కి తెలియనే తెలియదు, ఎందుకంటే ఆ మీట కూడా బొమ్మే. పిన్ని పక్కన కూర్చుని లాగిపెడతానంది. చెల్లెలు ఒప్పుకోలేదు. "పాఠం అమ్మే చదివి, పరీక్ష అమ్మే రాసిద్ది. అయితే సర్టిఫికెట్ అమ్మకే ఇమ్మను" అంది. ముప్పై నిమిషాలూ గడిచాక తెరమీద సున్నా వచ్చింది. రెండుసార్లు ఉత్తరం రాశాను. మీ సూచనని పరిశీలిస్తాం అని రెండుసార్లూ ఒకే జవాబొచ్చింది, వాక్యం కూడా మారకుండా. కోర్సు పూర్తిచేసినవాళ్ల జాబితాలో ఆ అమ్మాయి పేరు లేదు. ఆ ఎనిమిది వారాల్లో దానికంటే బాగా రాసినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉన్నారు, అంతే.

సంపాదకులకి ఒక మనవి. ఈ వ్యాసాన్ని యూనికోడ్‌లోనే పంపుతున్నాను. అచ్చుకోసం మీ ఫాంటులోకి మార్చుకోండి, మీ ఇబ్బందులు నాకు తెలుసు. మార్చకముందుదాన్ని కూడా ఒకటి చెల్లెలు తెరవగలిగిన చోట ఉంచండి. తన గురించి అక్క ఏం రాసిందో పిన్నిచేత చదివించుకోవడం దానికిష్టం లేదట. పిన్ని ఏ పేరాలు దాటేస్తుందో తనకిప్పుడు తెలుసంటోంది.